అన్న వెయ్యని తొంభై అడుగులు

చింతలగుట్టపల్లె చెక్కభజనలో ఒక కట్టుబాటు ఉండేది. ఆటలో అడుగు తప్పినవాడు మర్నాడు అందరికీ పుట్నాలూ బెల్లమూ తేవాలి. ఎంత పెద్దమనిషయినా సాకు చెప్పడానికి లేదు. మద్దిలేటి తన పదో ఏట ఆ ఆటగాళ్ళ గుండ్రంలో చేరాక ఊళ్ళో జనం పుట్నాలు కొనుక్కోవడమే మానేశారని వాళ్ళ అన్న సుంకన్న హాస్యమాడేవాడు. పిల్లవాడి ఎడమకాలు దరువుకంటే ఒక పిసరు ముందు పడేది. ఎంత అణుచుకున్నా పడేది.

అలా పడినప్పుడల్లా పక్కనున్న సుంకన్న నేలమీద రెండు పొట్టి అడుగులు గబగబా కొట్టేవాడు. ఆ చప్పుడు విని అతని పక్కవాడు, ఆ పక్కవాడు, అట్లా ఆ రెండడుగులూ గుండ్రమంతా తిరిగి వచ్చేవి. నడుమ తాళాలు పట్టుకుని నిలబడిన గురువు తిప్పన్న పాటను అర చరణం వెనక్కి లాగేవాడు. అంతలో పిల్లవాడి కాలు దారిన పడేది. దీన్ని ఊళ్ళో 'కలుపుడు' అనేవారు. చూడవచ్చిన జనానికి అది కూడా ఆటలో ఒక వరుసే అనిపించేది.

మద్దిలేటికి మాత్రం తన తప్పును పదమూడు మంది చేరి చాటింపు వేసినట్టుండేది. ముప్పై ఐదేళ్ళు గడిచి, అనంతపురంలో మనిషి నడకమీద పరిశోధన చేసే సంస్థలో ఒక విభాగానికి పెద్దయ్యాక కూడా, ఆ రెండు పొట్టి అడుగులు గుర్తొస్తే అతని చెవులు వెచ్చబడేవి. తను చేసిన పనంతటికీ మొదలు ఆ సిగ్గే అని అతనికి తర్వాత తెలిసివచ్చింది. తెలిసేటప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మనుషులు కలిసి ఎందుకు ఆడతారన్నది ఆ విభాగం ముందున్న ప్రశ్న. ఆడితే కడుపు నిండదు. పంట పండదు. ఉన్న ఒంట్లో ఓపిక కూడా కరిగిపోతుంది. అయినా ఆట లేని జాతి భూమ్మీద కనిపించదు. రోజూ స్నానం చేసి ఆంజనేయస్వామికి దీపం పెట్టనిదే కాఫీ ముట్టని మద్దిలేటికి మనసులో ఒక జవాబు ఉండేది. దేవుడికి ఇష్టం కాబట్టి ఆడతారు. కాని అది నివేదికలో రాసే మాట కాదు. అందుకని, కలిసి ఆడితే ఒంటికి ఓర్పు పెరుగుతుందేమో కొలవడానికి తన ఊరికే వెళ్ళాడు.

చింతలగుట్టపల్లెలో సగం మంది నాపరాళ్ళ పనివాళ్ళు. గుడి ముంగిట ఐసు గడ్డలు వేసిన బకెట్టు పెట్టి, అందులో చెయ్యి ముంచి ఓర్చుకోగలిగినంత సేపు ఉంచమంటే వాళ్ళకు నవ్వొచ్చింది. సుంకన్న బండలు పరిచే మేస్త్రీ. అతని అరచేతులు బండల్లాగే గట్టిపడిపోయి ఉండేవి. అయినా నలభై లెక్కపెట్టేలోగా చెయ్యి తీసేశాడు. అందరిదీ కొంచెం అటూ ఇటూగా అంతే. తర్వాత ఛాతీకి గుండె వేగం కొలిచే పటకాలూ కాళ్ళకు అడుగులు పట్టే సన్న తీగలూ కట్టించుకుని అరగంట ఆడారు. ఆడి వచ్చి ముంచితే నూరు దాటినా ఎవరూ చెయ్యి తియ్యలేదు. మర్నాడు ఒక్కొక్కరినీ విడిగా, చెవుల్లో పాట పెట్టి, అదే ఆట అంతసేపూ ఆడించారు. మళ్ళీ నలభైకే చేతులు బయటికొచ్చాయి.

"ఒక్కణ్ణే ఎగరమంటే కోతి మాదిరి ఉండాది రా మద్దీ," అన్నాడు సుంకన్న చెయ్యి దులుపుకుంటూ. "కాలు ఎగుర్తాది గానీ మనిషి ఎగరడు."

ప్రయోగశాలలో తెరమీద పద్నాలుగు గుండెల గీతలు పద్నాలుగు రంగుల్లో కనిపించేవి. ఆట మొదట్లో ఎవరి దారి వాళ్ళదిగా ఉండి, పావుగంట గడిచేసరికి ఒకదానిలో ఒకటి చిక్కుకుని పాయల్లాగా నడిచేవి. మద్దిలేటి దగ్గర పనిచేసే శాస్త్రవేత్త హుసేన్‌బీ దానికి 'జడ' అని పేరు పెట్టింది. పుట్టపర్తి దగ్గరి పల్లెటూరి మనిషి. ముగ్గురాడపిల్లల తల్లి. రోజూ పొద్దున మూడు జడలు వేసి బస్సెక్కేది కాబట్టి ఆమెకు ఆ పేరే తోచింది. జడ బిగువుగా పడ్డ రోజున చెయ్యి ఐసులో ఎక్కువసేపు నిలిచేది. అది తేలాక విభాగంలో అందరికీ మిఠాయి పంచారు.

ఒకరోజు హుసేన్‌బీ ఒక కాగితం తెచ్చి అతని బల్లమీద పెట్టింది. జడ బిగిసేది అందరూ సరిగ్గా ఆడుతున్నప్పుడు కాదు. ఎవరో ఒకరు తప్పినప్పుడు పాయలు విడిపోతున్నాయి. కలుపుడు తిరిగి వచ్చాక, ఆ తర్వాతి నాలుగైదు అడుగుల్లో, ముందెన్నడూ లేనంత గట్టిగా ముడిపడుతున్నాయి. మళ్ళీ మెల్లగా వదులవుతున్నాయి, ఇంకొకరు తప్పేదాకా.

మద్దిలేటి ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పదో ఏట వినిపించిన చప్పుడే ఆ కాగితంలోంచీ వినిపించింది.

"నడక లెక్కల్లో తూలిన అడుగులు తీసేస్తాం కదమ్మా. ఇక్కడా తీసెయ్. అది చెత్త."

"చెత్తే అయితే సార్, దాని తర్వాతే ఎందుకు బిగుసుకోవాలి?"

"బిత్తరపోతే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది. అంతే."

ఆమె కాగితం తీసుకుని వెళ్ళింది. తప్పిన చోట్లన్నీ కత్తిరించి శుభ్రమైన లెక్క తయారుచేసింది. కత్తిరించిన ముక్కల్ని మాత్రం పారెయ్యకుండా వేరే చోట దాచింది. దర్జీ పని చేసే తన తండ్రి కూడా గుడ్డముక్కలు పారేసేవాడు కాదట.

ఆ ఏడాదే సుంకన్నకు వణుకు మొదలైంది.

మొదట కుడిచెయ్యి. బండ పరిచేటప్పుడు మట్టం అవసరం లేకుండా కంటితోనే ఎత్తుపల్లాలు పట్టేసే మనిషి, కన్ను పట్టుకున్నా చేత్తో సరిగ్గా పెట్టలేకపోయాడు. నరాల జబ్బు, మాత్రలతో అణిచిపెట్టగలమే గాని పోదు అన్నారు డాక్టర్లు. పని మానుకున్నాడు. తర్వాత కాళ్ళకు దిగింది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి అరికాళ్ళు నేలకు అంటుకుపోయేవి. గడప దగ్గర నిలబడిపోయి, భార్య నాగమ్మ వచ్చి భుజం తట్టేదాకా కదలలేకపోయేవాడు.

శనివారం భజనకు మాత్రం వెళ్ళేవాడు. ఒక్కో పాటలో నాలుగైదుసార్లు కాలు నిలిచిపోయేది. అన్నిసార్లూ కలుపుడు తిరిగేది. పాట సాగి సాగి పావుగంటది అరగంట పట్టేది. ఎవరూ విసుక్కోలేదు. పుట్నాల సంచి ఇంట్లో సిద్ధంగానే ఉంచుకునేవాడు సుంకన్న. 'సుంకన్న కాలు ఆగితే మా కడుపు చల్లగా ఉంటాది' అని నవ్వేవాళ్ళు, అతనూ నవ్వేవాడు. అట్లా వానాకాలం గడిచింది. కార్తీకంలో ఒక శనివారం అతను వెళ్ళలేదు. గురువు తిప్పన్న ఇంటికొచ్చి పిలిస్తే, తన వల్ల స్వామి సేవ కుంటుపడడం ఇష్టం లేదన్నాడు.

నాగమ్మ మరిదికి ఫోను చేసింది. ఎక్కువ మాటల మనిషి కాదు. "మీ అన్న చెక్కలు గుడ్డలో కట్టి అటకమీద పెట్టినాడు, మద్దిలేటీ," అంది. "బువ్వ ముందర కూర్చుంటాడు. తినడు."

తల్లీతండ్రీ పోయాక తనను చదివించినవాడు సుంకన్న. తనకోసం వందలసార్లు ఆ రెండడుగులూ కొట్టినవాడు. మద్దిలేటి ఆ ఫోను పెట్టేసి నేరుగా పనిలో కూర్చున్నాడు. రెండు నెలల్లో పట్టీ తయారైంది.

నాలుగు వేళ్ళ వెడల్పు. మోకాలి కింద పిక్కకు కట్టుకోవాలి. గురువు తాళం మోగగానే, పట్టీలోంచి చీమ కుట్టినంత విద్యుత్తు కండలోకి వెళ్ళేది. మెదడు చెప్పకపోయినా కాలు లేచేది, సరిగ్గా దరువుమీదే దిగేది. మొదటిసారి ఇంటి ముంగిట్లో కట్టి చూశారు. తిప్పన్న తాళం వేశాడు. సుంకన్న ఒకటి, రెండు, పది, నలభై అడుగులు వేశాడు. ఎక్కడా ఆగలేదు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న నాగమ్మ చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాలు నాదే గానీ లేపేది ఎవురో ఉండారు రా," అన్నాడు సుంకన్న ఆయాసంగా నవ్వుతూ. "స్వామే అనుకుంటా."

మద్దిలేటి తన జన్మ ధన్యమైంది అనుకున్నాడు. ఆ సాయంత్రం గుడిలో నూటెనిమిది ప్రదక్షిణలు చేశాడు.

కాని గుండ్రంలో నిలబెడితే పట్టీ పనిచెయ్యలేదు. కారణం విచిత్రమైనది. సుంకన్న కాలు కాస్త తడబడుతుందేమో అనిపించగానే అటూ ఇటూ ఉన్నవాళ్ళు అలవాటు చొప్పున వేగం తగ్గించేవారు. గురువూ పాటను వెనక్కి లాగేవాడు. పట్టీ తాళాన్ని నమ్ముకుని నడిచేది. తాళమే మనిషి కోసం ఆగుతుంటే దానికి దిక్కు తోచేది కాదు. అది ముందుకూ, జనం వెనక్కూ లాగి, సుంకన్న రెండుసార్లు మోకాళ్ళమీద పడ్డాడు.

మద్దిలేటి వారం రోజులు ఆలోచించాడు. తాళం కదలకూడదు. ఎవరూ ఎవరికోసమూ ఆగకూడదు. అంటే పద్నాలుగు మందికీ పట్టీలు ఉండాలి. తాళం కూడా చేతితో కాదు, యంత్రమే వేయాలి.

ఆ మాట విన్న తిప్పన్న గుడి అరుగుమీద కూర్చుని తాళాలు పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. డెబ్భై దాటిన మనిషి. చదువు లేదు. రెండు వందల భజన పాటలు నోటికి వచ్చు.

"అందరికీ కట్టినాక," అన్నాడు చివరికి, "వానికోసం ఎవురు చూస్తారప్పా?"

"చూసే పని లేకుండా చేయడానికే కదా ఇది. స్వామి ముందర ఒక్క అడుగు తప్పదు."

"స్వామికి అడుగు తప్పితే ఏమి నాయనా. ఆయప్పకు అడుగులు కావాల్నా?"

మద్దిలేటి ఆ మాట పక్కన పెట్టాడు. అన్న గుండ్రంలోకి తిరిగి రావాలా వద్దా అని మాత్రం అడిగాడు. తిప్పన్న తాళాలు సంచిలో వేసుకుని, "రావాల. రాకుంటే ఎట్ల," అన్నాడు. ఆ పై శనివారం అందరూ పట్టీలు కట్టుకున్నారు.

చెక్కభజన అంత అందంగా ఉంటుందని ఆ ఊరివాళ్ళకే తెలియదు. పద్నాలుగు కాళ్ళు ఒక్క కాలిలా లేచేవి. గజ్జెలన్నీ ఒకే గజ్జెగా మోగేవి. చుట్టుపక్కల ఊళ్ళ తిరునాళ్ళకు పిలుపులొచ్చాయి. టీవీవాళ్ళు వచ్చారు. వయసు పైబడి మానుకున్న ఇద్దరి చోట కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఒక్క పూటలో ఆట వచ్చేసింది. వెనకటికి అదే నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టేది. కలుపుడు వాళ్ళకు నేర్పాల్సిన పనే పడలేదు. సుంకన్న బువ్వ తినసాగాడు. ముఖంలో కళ వచ్చింది. పట్టీ కట్టుకున్నంత సేపూ జబ్బు మనిషిలా ఉండేవాడు కాదు.

కొన్ని చిన్న చిన్న మార్పులు కూడా వచ్చాయి. వాటిని మద్దిలేటి చూడకపోలేదు. లెక్కలోకి తీసుకోలేదు. ఎవరూ తప్పడం లేదు కాబట్టి పుట్నాలు తెచ్చేవాళ్ళు లేరు. పుట్నాలు లేవు కాబట్టి ఆట అయ్యాక కూర్చునేవాళ్ళూ లేరు. పట్టీలు విప్పి పెట్టెలో పడేసి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. భజన జట్టులోని రామాంజులూ ఎర్రిస్వామీ బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా అనుకుని మాట్లాడుకోవడం మానేశారు. ఇదివరలో అయితే అది పక్షం రోజులకు మించి నిలిచేది కాదు. పక్కపక్కన నిలబడి ఆడేవాళ్ళు, ఒకరి అడుగు తప్పితే రెండోవాడు కొట్టక తప్పదు. కొట్టాక నవ్వు రాక తప్పదు. ఇప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, వెంట్రుకవాసి తేడా లేకుండా, రెండు గంటలు పక్కపక్కన ఆడి వెళ్ళిపోయేవారు.

హుసేన్‌బీ ఒకసారి చెప్పింది. పాదాల గీతలు పద్నాలుగూ ఒకే గీతగా ఉన్నాయి, గుండెల గీతలు మాత్రం జడ పడటం లేదు, ఐసులో చేతులు కూడా మళ్ళీ నలభైకే వస్తున్నాయి అని. ఛాతీ పటకాలు చెమటకు జారుతున్నాయేమో చూడమన్నాడు మద్దిలేటి. జారడం లేదంది. శ్రీరామనవమి కానిచ్చి అప్పుడు చూద్దామన్నాడు.

నవమి రోజు సాయంత్రం గుడి ముంగిట పందిరి వేశారు. పానకం, వడపప్పు పంపకం అయింది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. సుంకన్న తెల్ల పంచె బిగించి, నడుముకు ఎర్ర గుడ్డ చుట్టుకుని, వాకిట్లోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఇంటికీ గుడికీ మధ్య ఒక్క సందు. నాగమ్మ వంటింట్లో ఉంది. ఆట అయ్యాక ఆరుగురు చుట్టాలు భోజనానికి వస్తారు.

ఆ రోజు ఛాతీ పటకాలు కట్టుకోలేదు. టీవీలో చొక్కా కింద ఎత్తుగా కనబడతాయని ఎవరో అన్నారు. మద్దిలేటి సరేనన్నాడు. పాదాలు సరిగా పడుతున్నప్పుడు గుండెలతో పనేముంది అన్న మాట కూడా అతని నోటివెంట వచ్చింది. నవ్వుతూ అన్నదే. తర్వాత ఆ మాటను ఎన్ని వేలసార్లు వెనక్కి తీసుకున్నాడో.

ఆట మొదలైంది. మద్దిలేటి పందిరి గుంజకు ఆనుకుని చేతిలోని కంప్యూటరు పలకమీద పద్నాలుగు గీతలూ చూస్తున్నాడు. అన్నీ కలిసి ఒకే గీత. అంత నున్నటి గీతను అతను జీవితంలో చూడలేదు. తల ఎత్తి ఉంటే అన్న ముఖం ఇరవై అడుగుల దూరంలో కనబడేది.

చివరి పాట అయిపోయింది. యంత్రం తాళం ఆపింది. అందరి కాళ్ళూ ఒక్కసారి ఆగాయి. ఆగీ ఆగడంతోనే సుంకన్న గుడివైపు ముఖంపెట్టి బోర్లా పడ్డాడు. చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి. చెక్కలు వేళ్ళకే ఉన్నాయి.

స్వామికి సాష్టాంగం చేస్తున్నాడనుకున్నారు అందరూ.

జబ్బు మనిషి, స్వామి కరుణతో కాళ్ళు తిరిగివచ్చిన మనిషి, పండగ రోజున మట్టిలో సాష్టాంగపడ్డాడు. అంతకంటే సహజమైన సంగతి ఏముంటుంది? పదమూడు మందీ చేతులు జోడించి నిలబడ్డారు. జనంలో ఎవరో జేజేలు కొట్టారు. హారతి గంట మోగింది. మద్దిలేటి కూడా పలక చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. భక్తిలో ఉన్నవాణ్ణి లేపకూడదని ఎవరూ దగ్గరికి పోలేదు. హారతి అయ్యి, తీర్థం ఇచ్చి, పూజారి శఠారి పట్టుకుని వచ్చి వంగి చూసేదాకా అట్లాగే ఉన్నారు.

గుండెపోటు అన్నారు డాక్టర్లు. పట్టీ వల్ల కాదని రాసిచ్చారు. అది నిజమే. పట్టీ గుండెను ఆపలేదు.

పదకొండో రోజు కర్మ అయిపోయాక మద్దిలేటి అనంతపురం వెళ్ళి సుంకన్న పట్టీలోని లెక్క తెరిచాడు. పట్టీకి రెండు గీతలు ఉంటాయి. ఒకటి కాలు వేసిన అడుగు. ఇంకొకటి, ఆ అడుగు వెయ్యాలని మనిషి తనంతట తాను కండను బిగించాడా లేదా అన్నది. వణుకున్న మనిషిలో రెండో గీత బలహీనంగా ఉంటుంది గాని, ఉంటుంది. సుంకన్నది చివరి పాట రెండో చరణం దాకా ఉంది. అక్కడ ఒకసారి తూలింది. ఇంకోసారి తూలింది. తర్వాత ఒక అడుగులో అతను ఆగాలని కండ బిగబట్టాడు. పట్టీ లేపింది. మళ్ళీ బిగబట్టాడు. లేపింది. తర్వాత ఆ గీత చదునుగా పడుకుంది.

మొదటి గీత మాత్రం ఆగలేదు. ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, పాట అయ్యేదాకా నడిచింది. మద్దిలేటి వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొంభై అడుగులు.

ఆ తొంభైలో ఏ ఒక్కటి తప్పినా పక్కనున్న ఎర్రిస్వామి రెండు పొట్టి అడుగులు కొట్టేవాడు. గుండ్రం ఆగేది. పదమూడు ముఖాలు అతనివైపు తిరిగేవి. తాడిపత్రి ఆస్పత్రికి కారులో అరగంట దారి. దక్కేవాడో లేదో ఎవరు చెప్పగలరు. మట్టిలో ఒంటరిగా పడి ఉండేవాడు మాత్రం కాదు. ఆ తొంభై అడుగులూ అన్నవి కావు. తనవి. పదో ఏట తను వెయ్యలేకపోయిన సరైన అడుగులన్నీ, చచ్చిపోతున్న అన్న కాళ్ళతో తనే వేశాడు.

హుసేన్‌బీ తలుపు దగ్గర ఎంతసేపటినుంచి నిలబడి ఉందో. లోపలికి వచ్చి, తను దాచిన ముక్కలు ఎక్కడున్నాయో చూపించింది. తప్పిన అడుగులన్నీ తేదీలవారీగా ఉన్నాయి. సుంకన్నవే రెండు వందల పైచిలుకు. ప్రతి ఒక్కదాని వెనకా జడ బిగిసి ఉంది.

"మనుషులు కలిసి ఆడేది ఇందుకేనేమో సార్," అంది మెల్లగా. "ఎవరు తడబడుతున్నారో తెలుసుకోవడానికి."

ఆ తర్వాత మద్దిలేటి నివేదిక తిరగరాశాడు. పాత లెక్క తప్పని, తప్పు తనదని, పేరుపెట్టి రాశాడు. పట్టీలు ఇంకెక్కడా గుండ్రంలో వాడకూడదని రాశాడు. అప్పటికే వేరే ఊళ్ళ బృందాలు ముప్పై దాకా వాటికోసం అడిగి ఉన్నాయి. నివేదిక ఎందరు చదివారో అతనికి తెలియదు.

చింతలగుట్టపల్లెలో పట్టీలు గోనెసంచిలో వేసి తిప్పన్న వెనక్కి పంపాడు. పాతపద్ధతిలో ఆడాలని రెండు శనివారాలు ప్రయత్నం చేశారు. కాళ్ళు కుదరలేదు. కొత్త కుర్రాళ్ళకు కలుపుడు తెలియదు. పాతవాళ్ళకు ఎవరు తప్పారో వినే చెవి పోయింది. రామాంజులుదే తప్పని ఎర్రిస్వామి, ఎర్రిస్వామిదేనని రామాంజులు గుడి ముందరే అరుచుకున్నారు. మూడో శనివారం ఎవరూ రాలేదు.

సంగతి వదినకు చెప్పాల్సిన బాధ్యత ఒకటి మిగిలిపోయింది. శ్రావణంలో ఒక శనివారం మధ్యాహ్నం మద్దిలేటి బయలుదేరి వెళ్ళాడు. నాగమ్మ అరుగుమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆ అరుగు బండలు సుంకన్న పరిచినవే. సందు ఎక్కడుందో గోరుకు కూడా అందదు. మద్దిలేటి కింది మెట్టుమీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాడు. తొంభై అడుగులూ చెప్పాడు. పటకాలు వద్దన్న మాటా చెప్పాడు.

ఆమె చిక్కుళ్ళు ఒలవడం ఆపలేదు.

"ముప్పై ఏండ్లు వంటింట్లో నుంచే ఆ ఆట విన్న్యా. ఎవురి కాలు తప్పినా నాకు తెలిసేది. మీ అన్నదైతే ఇంకా ముందే తెలిసేది. పని చేసి అలిసినాడా, జొరమొచ్చిందా, నా మీద కోపమా, అంతా తెలిసేది." ఒక కాయ తుంచి గింజ పళ్ళెంలో వేసింది. "ఆ పొద్దు ఒక్క అడుగూ తప్పలేదు మద్దిలేటీ. మనిషి బాగుండాడు అనుకున్న్యా. తాళింపు వేసుకుంటా ఉన్న్యా."

అతను తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ అటకెక్కిన మూట తెచ్చి అతని పక్కన పెట్టింది. అన్న చెక్కలు. వాడి వాడి నున్నబడిన కొయ్య, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట.

పొద్దు వాలాక మద్దిలేటి వాటిని తీసుకుని గుడి ముంగిట్లోకి వెళ్ళాడు. ఎవరూ లేరు. చెప్పులు విడిచి, స్వామికి దణ్ణం పెట్టుకుని, అన్న నిలబడే చోట నిలబడ్డాడు. చిన్నప్పుడు నేర్చిన మొదటి పాట గొంతులో మెదిలింది. చెక్కలు కొట్టి అడుగు వేశాడు. నాలుగో వరుసలో ఎడమకాలు, పదో ఏట ఎట్లా పడేదో అట్లాగే, ఒక పిసరు ముందు పడింది.

అతను ఆగిపోయాడు. తెలియకుండానే కుడివైపు చెవి ఒగ్గాడు.

సందు అవతల, ఇంటి అరుగుమీదినుంచి, అరచేత్తో బండమీద కొట్టిన రెండు పొట్టి దెబ్బలు వినిపించాయి.

అతను మూడోది ఎక్కడినుంచి వస్తుందా అని వేచి చూశాడు. రాలేదు. ఆ రెండు దెబ్బలను అందుకుని పక్కకు పంపడానికి ఆమె పక్కన ఎవరూ లేరు. కాసేపటికి వదిన తలుపు దగ్గరికి వేసుకున్న చప్పుడైంది.

మర్నాడు పొద్దున మద్దిలేటి స్నానం చేసి, తాడిపత్రి అంగడినుంచి తెచ్చిన పుట్నాలూ బెల్లమూ సంచిలో వేసుకుని పద్నాలుగిళ్ళూ తిరిగాడు. తిప్పన్న శిష్యులు ఒక్కొక్కరే వాకిట్లోకొచ్చి చెయ్యి చాచారు. రామాంజులు తీసుకున్నాడు. ఎర్రిస్వామి తీసుకున్నాడు. ఏమి తప్పినావని ఎవరూ అడగలేదు. అడిగి నవ్వేవాళ్ళు ఒకప్పుడు.

పద్నాలుగో ఇల్లు అన్నది. నాగమ్మ బయటికి వచ్చి కొంగు పట్టింది.